చప్పట్లు సరే, శవాల లెక్కేదీ?

2024 డిసెంబరు 11, బుధవారం ప్రపంచ ఫుట్‌బాల్ సమాఖ్య ఫిఫా సర్వసభ్య సమావేశం ఆన్‌లైన్‌లో ముగిసింది. 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సౌదీ అరేబియా చేతికి వెళ్లింది. పోటీలో రెండో దేశం లేదు, ఓటింగ్ లేదు. కెమెరాకు కనబడేలా చేతులెత్తి చప్పట్లు కొట్టమన్నారు. రెండొందలకు పైగా దేశాల సమాఖ్యలు ఎవరి గదుల్లో వాళ్లు కూర్చుని కొట్టాయి. ఈ పద్ధతి మాకు సమ్మతం కాదని, ఆ మాట మినిట్స్‌లో రాయమని నార్వే అడిగింది. మన దగ్గర గ్రామసభలో వీధిలైట్ల తీర్మానానికైనా పుస్తకంలో సంతకాలు పెట్టించుకుంటారు. లక్షల మంది కూలీల పదేళ్ల భవితవ్యం మాత్రం చప్పట్లతో తేలిపోయింది.

పోటీ లేకపోవడం కూడా యాదృచ్ఛికం కాదు. 2023 అక్టోబరు 4న ఫిఫా ఆసియా, ఓషియానియా దేశాలనే అర్హులుగా ప్రకటించి, ఆసక్తి ఉంటే 31లోగా చెప్పమంది. నాలుగు వారాలు కూడా నిండని గడువు. ఆస్ట్రేలియా చివరి రోజు తప్పుకుంది.

ఇదేమని అడిగితే వచ్చే జవాబు ఒకటే: ఖతార్ మీద కూడా ఇలాగే గోల చేశారు, చివరికి 2022 టోర్నీ బ్రహ్మాండంగా జరగలేదా? మా అభ్యంతరం సరిగ్గా ఈ మాట మీదే. బ్రహ్మాండం అని తేల్చిందెవరు? ఏ కొలతతో? ఖతార్‌ది చరిత్రలోనే అత్యుత్తమ ప్రపంచ కప్ అని ఫిఫా అధ్యక్షుడు ఇన్ఫాంటినో కితాబిచ్చారు. 2018లో రష్యాకూ ఆయన ఇదే కితాబిచ్చారు. రాసిన వాళ్లందరికీ ఫస్ట్ క్లాసు వేసే పరీక్షలో పాసవడం ఏం గొప్ప?

ఆట వరకే చూస్తే వంక పెట్టడానికి ఏమీ లేదు. 64 మ్యాచ్‌లు, 172 గోల్స్, మైదానాల్లో 34 లక్షల మంది. మొరాకో సెమీస్ చేరిన తొలి ఆఫ్రికా జట్టయింది. లుసైల్ ఫైనల్‌లో ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపె హ్యాట్రిక్ కొట్టినా 3-3 దగ్గర ఆగి, పెనాల్టీల్లో 4-2తో కప్పు అర్జెంటీనా కెప్టెన్ మెస్సీ చేతికొచ్చిన రాత్రి నెల్లూరులో కూడా చాలా ఇళ్లలో టీవీలు ఆరలేదు. ఆతిథ్య జట్టు ఆడిన మూడూ ఓడింది, అది వాళ్ల ఖర్మ. ఓడరేవు కంటైనర్లు పేర్చి కట్టిన 974 స్టేడియం ముచ్చటైన ఆలోచన. ఇవన్నీ ఒప్పుకుంటాం. కానీ దేశం మొత్తం మీద 22 వేల కోట్ల డాలర్లు కుమ్మరించి రోడ్లు, మెట్రో, హోటళ్లు, ఎనిమిది స్టేడియాలు లేపిన పన్నెండేళ్ల పనిని 29 రోజుల ఆటతో కొలిచి మార్కులెలా వేస్తారు?

చావుల లెక్క చూడండి. స్టేడియాల పనిలో చనిపోయింది ముగ్గురేనని, పనితో సంబంధం లేకుండా పోయినవారు 37 మంది అని నిర్వాహకులు ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. టోర్నీ సగంలో ఉండగా నిర్వాహక కమిటీ ప్రధాన కార్యదర్శి హసన్ అల్ థవాదీ ఓ టీవీ ఇంటర్వ్యూలో 400 నుంచి 500 మధ్య అనేశారు. మర్నాటికి అది 2014 నుంచి 2020 దాకా దేశంలోని అన్ని రంగాలకూ కలిపిన 414 సంఖ్య అని సవరణ వచ్చింది. అంతకుముందు 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక భారత్, పాకిస్తాన్, నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంకల రికార్డులు కూడి పదేళ్లలో 6,500 మందికి పైగా చనిపోయారని రాసింది. అందులో భారతీయులే 2,711. నిజమే, ఆ 6,500 స్టేడియం చావులు కావు. అన్ని కారణాలూ, అన్ని పనులూ కలిసిన సంఖ్య అది. సోషల్ మీడియాలో దాన్ని స్టేడియాల ఖాతాలో వేసేసిన వాళ్లదీ తప్పే. కానీ ఆ తప్పు దిద్దడానికి అసలు లెక్క ఒకటి ఉండాలి కదా! మూడా, నాలుగొందలా, ఆరు వేలా అన్నది ఈ రోజుకీ తేలలేదంటే లెక్క దొరకక కాదు, వేయలేదు గనుక.

ఎలా వేయకుండా తప్పించుకున్నారో మెట్ట ప్రాంతాల పాఠకులు తెలుసుకోవాలి. ఉదయగిరి, వింజమూరు నుంచో, కనిగిరి, పామూరు నుంచో గల్ఫ్‌కు వెళ్లినవాళ్లు లేని బంధువర్గం తక్కువ. వాళ్లు పనిచేసేది ఎండలో. ఆ ఎండ దెబ్బ తీవ్రతను కొలవడానికి మామూలు థర్మామీటరు చాలదు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరుకు ఏడు వంతులు, ఎండలో ఉంచిన నల్లగోళానికి రెండు వంతులు, నీడలోని మామూలు థర్మామీటరుకు ఒక వంతు కలిపి లెక్కగడతారు. ఏడు వంతులు తడిగుడ్డకే ఎందుకంటే, గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. కొత్తపట్నం, రామాయపట్నం తీరాన ఉక్కపోత ఎరిగినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. చర్మానికి రక్తం తోడుతూ తోడుతూ గుండె అలిసిపోతుంది, ఉప్పు తగ్గిపోతుంది, మనిషి కూలబడతాడు. కూలబడిన నిమిషాల్లో లోపలి ఉష్ణోగ్రత చూసి రాసుకుంటేనే అది వడదెబ్బ అని తెలుస్తుంది. మార్చురీకి చేరాక ఆ ఆనవాలు మిగలదు. అప్పుడు డాక్టరు రాసేది ‘గుండె, ఊపిరి ఆగిపోవడం’. ప్రతి చావూ అలాగే ముగుస్తుంది, అది కారణం ఎలా అవుతుంది?

పోస్టుమార్టం చేస్తే వేరే జబ్బేదైనా ఉందా లేదా అన్నదైనా తేలేది. ఖతార్‌లో 2012 నాటి చట్టం ప్రకారం నేరం అనుమానం ఉంటేనో, ముందునుంచీ రోగం ఉందా అని చూడాల్సి వస్తేనో తప్ప శవాన్ని కోయరు. హఠాత్తుగా పోయినవాళ్లకు పోస్టుమార్టం జరిగేలా చట్టం మార్చండి, గుండెపోటు చావుల మీద అధ్యయనం చేయించండి అని ఖతార్ ప్రభుత్వమే నియమించుకున్న న్యాయసంస్థ 2014లోనే రాసిచ్చింది. పట్టించుకోలేదు. 2009 నుంచి 2017 వరకు అక్కడ గుండె కారణాలతో పోయిన 571 మంది నేపాలీ కార్మికుల్లో దాదాపు 200 మందిని ఎండ నుంచి కాపాడి ఉంటే బతికేవారని 2019లో ఒక వైద్య పరిశోధన తేల్చింది.

ఒక్క మాటతో ఎంత తేడా వస్తుందో చూడండి. ‘పనిలో చనిపోయాడు’ అని రాస్తే అక్కడి చట్టం ప్రకారం వారసులకు 2 లక్షల రియాళ్లు, అంటే మన డబ్బులో 45 లక్షల పైమాటే. ‘సహజ మరణం’ అని రాస్తే పరిహారం సున్నా. ఇక్కడ మన ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంది. రెండేళ్లకు రూ.275, మూడేళ్లకు రూ.375 కడితే 10 లక్షల బీమా. కానీ అది ప్రమాద మరణానికీ, శాశ్వత వైకల్యానికీ. ‘సహజం’ అనే ముద్ర పడితే ఈ పదీ పోతుంది. విజిట్ వీసా మీద ఎక్కించిన ఏజెంటైతే ఎమిగ్రేషన్ క్లియరెన్సే ఉండదు, బీమా ఊసే ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు మాత్రం ఇంట్లోనే ఉంటుంది. రద్దు చేసిన పాస్‌పోర్టు, ఎంబామింగ్ సర్టిఫికెట్, ఎంబసీ నిరభ్యంతర పత్రం జతచేసి పెట్టె కార్గోలో దిగుతుంది. ఏ ఎండలో ఎన్ని గంటలు చేశాడన్న కాగితం ఒక్కటే ఆ కట్టలో ఉండదు.

పక్కవాడి గుమ్మం ముందు చెత్త చూపించేటప్పుడు మన గుమ్మమూ చూసుకోవాలి. 2015 మే వడగాలుల్లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ మంది పోయింది ప్రకాశం జిల్లాలోనే. అప్పట్లో లక్ష రూపాయల ఎక్స్‌గ్రేషియా రావాలంటే తహసీల్దారు, ఎస్సై, మెడికల్ ఆఫీసరు కలిసిన త్రిసభ్య కమిటీ అది వడదెబ్బేనని ధ్రువీకరించాల్సి ఉండేది. దహనం అయ్యాక కమిటీ వస్తే ఏం ధ్రువీకరిస్తుంది? రోగం అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే: కారణం రాయకపోతే బాధ్యత ఉండదు.

ఇప్పుడు ఫిఫా దగ్గరికి వద్దాం. ఆటగాళ్లు ఆ ఎండకు తట్టుకోలేరని తేలగానే 2015లో ప్రపంచ కప్‌నే జూన్ నుంచి నవంబరు, డిసెంబరులకు జరిపారు. యూరప్ లీగులు మొత్తుకున్నా వినలేదు. పైన చెప్పిన తడి లెక్క 32 డిగ్రీలు దాటితే మ్యాచ్ మధ్యలో నీళ్ల విరామం ఇవ్వాలని ఫిఫా వైద్య నిబంధన. తొంభై నిమిషాలు ఆడేవాడికి ఆ రక్షణ. స్టేడియం కట్టేవాడికి? 2021 దాకా ఖతార్‌లో ఉన్నది క్యాలెండర్ నిబంధన ఒక్కటే: జూన్ 15 నుంచి ఆగస్టు 31 వరకు, పగలు పదకొండున్నర నుంచి మూడింటి దాకా పని ఆపాలి. మిగిలిన గంటల్లో తేమ ఎంతున్నా పనే. ఆ తడి లెక్క 32.1 డిగ్రీలు దాటితే ఎప్పుడైనా ఆపాల్సిందే అన్న నిబంధన 2021 మేలో వచ్చింది. అప్పటికే ఎనిమిదింటిలో నాలుగు స్టేడియాలు తెరిచేశారు. వేసవిలో ఒక్కో మైదానం గడ్డికి రోజుకు 50 వేల లీటర్ల మంచినీళ్లు పట్టాయని వార్తలొచ్చాయి. గడ్డి ఎండిపోతే మ్యాచ్ ఆగుతుంది మరి.

పాశ్చాత్య దేశాలకు అరబ్బులను తప్పుపట్టే అర్హత లేదని, గల్ఫ్ సంపాదనతోనే మన పల్లెల్లో పెళ్లిళ్లు, డాబాలు అయ్యాయని, ఖతార్ వెయ్యి రియాళ్ల కనీస వేతనం తెచ్చి కంపెనీ మారే హక్కు ఇచ్చిందని అనేవాళ్లున్నారు. అన్నీ నిజాలే. అయితే ఏమిటి? బతుకుదెరువు ఇచ్చినవాడు చావుకు కారణం రాయనక్కర్లేదా?

మమ్మల్ని ఎక్కువ భయపెడుతున్నది గడిచిపోయిన ఖతార్ కాదు, ఖతార్‌కు వేసిన ‘సక్సెస్’ ముద్ర మీద కట్టబోతున్న సౌదీ. ఫిఫా మూల్యాంకనంలో సౌదీకి 500కు 419.8 మార్కులు వచ్చాయి. ఇంతవరకూ ఎవరికీ రానన్ని. దేనికి వేశారీ మార్కులు? స్టేడియాలకు, జట్ల వసతికి, హోటళ్లకు, రవాణాకు, ప్రసార కేంద్రానికి, టికెట్ల రాబడికి. కూలీల ప్రాణాలకు అందులో అర మార్కైనా లేదు. మానవ హక్కులు ‘రిస్క్’ అనే విడి పట్టికలో ఉన్నాయి, అక్కడ రాసింది ‘మధ్యస్థం’ అని. చీమకుర్తి క్వారీలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు బయటికి రావాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచి, రంగుతో నంబరు వేసి, పర్మిట్ రాస్తేగానీ లారీ కదలదు. ఒక్కో రాయికి ఒక్కో నంబరు. అయిదు వందల మార్కుల ఫిఫా పరీక్షలో మనిషికి ఆ పాటి నంబరు లేదు.

సౌదీలో కట్టాల్సింది చిన్న పని కాదు. 15 స్టేడియాల్లో 11 కొత్తవి. రియాద్‌లోనే ఎనిమిది. నియోం అనే కొత్త నగర ప్రాజెక్టులో నేలకు 350 మీటర్ల ఎత్తున ఒకటి కడతామని ప్రతిపాదన. 48 జట్లు, 104 మ్యాచ్‌లు. 2022 జనగణన ప్రకారం అక్కడి విదేశీయులు కోటీ 34 లక్షలు. విదేశీ కార్మికులకు కనీస వేతన చట్టం లేదు. ఎండ విషయంలో మళ్లీ క్యాలెండర్ నిబంధనే: జూన్ 15 నుంచి సెప్టెంబరు 15, పన్నెండు నుంచి మూడు. ఖతార్ పదేళ్ల విమర్శల తర్వాత 2021లో చేరిన చోటికి కూడా సౌదీ ఇంకా రాలేదు. చప్పట్లు కొట్టక ముందు అడగాల్సిన మాట ఇది. కప్పు ఇచ్చేశాక ఎవరు వింటారు?

డబ్బు లేకా? 2019-22 నాలుగేళ్లలో ఫిఫా రాబడి 757 కోట్ల డాలర్లు. ఖతార్‌లో జట్లకు పంచిన 44 కోట్ల డాలర్ల ప్రైజ్ మనీకి సమానంగా నిధి పెట్టి కార్మిక కుటుంబాలకు పరిహారం ఇవ్వమని హక్కుల సంఘాలు అడిగాయి. టోర్నీ అయిన రెండేళ్లకు, 2024 నవంబరులో, ఫిఫా 5 కోట్ల డాలర్ల ‘వారసత్వ నిధి’ ప్రకటించింది. శరణార్థులకట, ప్రజారోగ్యానికట, చదువుకట. మంచి పనులే. స్టేడియం కట్టి చచ్చినవాడి ఇంటికి మాత్రం అందులో పైసా లేదు. ఫిఫా సొంత ఉపసంఘమే ఆ డబ్బు కార్మికులకు వాడమని సిఫారసు చేస్తే ఆ సిఫారసునూ పక్కన పెట్టారు.

ఢిల్లీ మౌనం ఇంకా ఎబ్బెట్టుగా ఉంది. 2036 ఒలింపిక్స్ మాకు కావాలని 2024 అక్టోబరులోనే భారత్ ఆసక్తి పత్రం పంపింది. 2010 కామన్వెల్త్ క్రీడల పనుల్లో కూలీలకు కనీస వేతనం కూడా దక్కడం లేదని ఢిల్లీ హైకోర్టు నియమించిన కమిటీ తేల్చిన సంగతి ఎవరికైనా గుర్తుందా? రేపు మనల్నీ ఎవరో అడుగుతారన్న జంకుతోనే సౌదీని అడగడం లేదేమోనని అనుమానించాల్సి వస్తోంది.

కేంద్రం చేయాల్సింది ఆకాశం దించడం కాదు. సౌదీలో హఠాత్తుగా చనిపోయిన ప్రతి భారతీయుడికీ కుటుంబం కోరితే పోస్టుమార్టం జరిగేలా, ఆ నివేదిక, పని గంటల రిజిస్టరు పెట్టెతో పాటే వచ్చేలా ఒప్పందం రాయించాలి. పనిచోట కూలబడి పోయిన చావులన్నిటికీ ప్రవాసీ బీమా వర్తించేలా ఒక్క నిబంధన మార్చాలి. దానికి పార్లమెంటు కూడా అక్కర్లేదు. జిల్లా కలెక్టరేట్లలో తిరిగొచ్చిన పెట్టెలకు, సర్టిఫికెట్‌లో రాసిన కారణాలకు ఒక రిజిస్టరు తెరవాలి. నెల్లూరు, ఒంగోలు, బాపట్ల ఎంపీలు ముగ్గురూ పార్లమెంటు సమావేశాల్లో విదేశాంగ మంత్రిని అడగొచ్చు. నెల్లూరు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియంలో రిబ్బన్లు కత్తిరించడానికి దొరికే తీరిక దీనికీ దొరకాలి. సౌదీలో పునాదుల తవ్వకం పదేళ్ల తర్వాత కాదు, వచ్చే వేసవుల్లోనే. ఆ పారలు పట్టేందుకు వెళ్లేది ఫిఫా కార్యాలయం ఉన్న జూరిచ్ నుంచి కాదు, దుత్తలూరు నుంచి, వెలిగండ్ల నుంచి.