పెద్దాయన ‘ఊ’ అన్నాడు

కర్నూలులో ఇప్పుడు ఫోన్ ఉన్న ప్రతివాడూ విలేకరే. మైకుకు లోగో తగిలించుకున్నవాడు సీనియర్ విలేకరి. అలాంటి సీనియర్ ఒకాయన మార్కెట్ యార్డులో ఉల్లిగడ్డల రైతును ఇంటర్వ్యూ చేస్తుంటే మొదటి నుంచి చివరిదాకా నిలబడి చూశాను. ఆ విద్యను నాలోనే దాచుకుంటే పాపమని ఇది రాస్తున్నాను.

ముందు రైతును ఎండకు వీపు పెట్టి కూర్చోబెట్టాలి. అప్పుడు వెనకాల ఆకాశం ధగధగలాడుతుంది, ముఖం పెనం అడుగులా వస్తుంది. వెంట వచ్చిన కెమెరా పిల్లోడు పెళ్లిళ్లకు తీసి చెయ్యి తిరిగినవాడు. "అన్నా, రేకుల షెడ్డు నీడలోకి జరుపుదాం, వెలుగు పక్కనుంచి పడితే ముఖం బాగా తెలుస్తుంది" అన్నాడు. పాపం, అతనికి జర్నలిజం తెలియదు. నీడలోకి పోతే చానల్ ఫ్లెక్సీ కనబడదు గదా! కెమెరా కూర్చున్నవాడి కంటి ఎత్తులో ఉండాలన్నదీ అతని చాదస్తమే. నిలబడి పైనుంచి తీయాలి. రైతు ఎంత చిన్నగా కనబడితే కష్టం అంత పెద్దగా కనబడుతుంది.

కాలర్ మైకును గడ్డానికి జానెడు కింద పెట్టి, గాలి హోరుకు బొచ్చు తొడుగు వేస్తే మాట శుభ్రంగా వస్తుందట. రావచ్చు, కానీ దాని మీద లోగో పట్టదు. అందుకని చేతి మైకే శరణ్యం. ప్రశ్న అడిగేటప్పుడు అది మన నోటి దగ్గర ఉండాలి, జవాబు వచ్చేటప్పుడూ అక్కడే ఉండాలి.

ఇక ప్రశ్న. "ఏం జరిగింది పెద్దాయనా?" అని అడగడం చేతకానివాళ్ల పని. మనవాడు 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడం దగ్గర ఎత్తుకున్నాడు. 1956లో అది పోవడం, తుంగభద్ర నీళ్లు, లారీ బాడుగ, కోత కూలి, అన్నీ దాటుకుంటూ వచ్చి, "మీరు తీవ్ర ఆవేదనలో ఉన్నారు, అవునా కాదా?" అని దిగాడు.

పెద్దాయన "ఊ" అన్నాడు.

"చూశారుగా, తీవ్ర ఆవేదన!"

"అది గాదు నాయనా..." అని పెద్దాయన ఏదో మొదలుపెట్టాడు గానీ అప్పటికి మైకు రెండో ప్రశ్నలో ఉంది. జవాబయ్యాక రెండు మూడు క్షణాలు ఊరకుంటే ఎదుటివాడు అసలు మాట అప్పుడు బయటపెడతాడని పిల్లోడు గొణిగాడు. అన్ని క్షణాలే! అంతలో జనం వేలితో పైకి తోసి ఇంకో వీడియోకు పోరూ?

మధ్యలో అతికించడానికి తక్కెడ, కుళ్లిన గడ్డలు ఏరి పోసిన కుప్ప, సంచి కుట్లు విప్పుతున్న ఆ ముసలి వేళ్లు తీస్తానన్నాడు. వద్దన్నారు. కొండారెడ్డి బురుజు ఉంది కదా! ఉల్లికైనా ఎన్నికలకైనా అదే బురుజు.

ఫోన్ జేబులో పెట్టేశాక పెద్దాయన తువ్వాలు ముడి విప్పి, మడతలు పడిన చీటీ తీశాడు. "ఖర్చులన్నీ పోను నాకెంత వస్తాదో రాసినారంట. కండ్లు ఆనవు, రోంత చదివి పెట్టు నాయనా."

మనవాడు అప్పటికే బండి స్టార్ట్ చేశాడు. "మీవాళ్లందరికీ చెప్పు పెద్దాయనా, వీడియో షేర్ చేయమని!"