మేటాస్ బేరం ఇవాళ వస్తే వాటాదారులు ఆపగలరా?

2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు 160 కోట్ల డాలర్ల బేరం ఒకటి ప్రకటించింది. సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన మేటాస్ ప్రాపర్టీస్‌ను మొత్తంగా, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతాన్ని కొంటారట. హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్ ఉన్న బోర్డే దానికి తలూపింది. వాటాదారులను ఓటు అడగలేదు. న్యూయార్క్‌లో సత్యం ఏడీఆర్ (అక్కడ ట్రేడయ్యే షేరు రూపం) సగానికి పైగా పడిపోయి, మదుపరులు తిరగబడ్డాక గంటల్లోనే వెనక్కి తగ్గారు.

ఇప్పుడు అలాంటి బేరం ముందు ఆడిట్ కమిటీలోని స్వతంత్ర డైరెక్టర్లను దాటాలి. సత్యం అనుభవం చూశాక ఈ గడప మీద నాకు పెద్ద నమ్మకం లేదు. అసలు బలం రెండోదానిలో ఉంది. లావాదేవీ పెద్దదైతే వాటాదారుల ఆమోదం కావాలి, ఆ ఓటింగ్‌లో ప్రమోటర్ (కంపెనీని నడిపించే ప్రధాన యజమాని) కుటుంబం అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు.

మిగతా తీర్మానాల్లో ప్రమోటర్ ఓటు చెల్లుతుంది. ప్రత్యేక తీర్మానం నెగ్గాలంటే పోలైన ఓట్లలో 75 శాతం రావాలి. 2021 ఆగస్టులో ఐషర్ మోటార్స్‌లో ఎండీ సిద్ధార్థ లాల్ పునర్నియామకానికి దాదాపు 73 శాతమే వచ్చి ఆగిపోయింది. జీతం పరిమితి తగ్గించుకుని మళ్లీ వస్తే గానీ ఆమోదం దొరకలేదు.

ఇక్కడే చిన్న మదుపరులు గమనించని లెక్క ఒకటుంది. ప్రమోటర్‌కు 50 శాతం ఉందనుకుందాం. బయటివాళ్లంతా ఓటేస్తే వారిలో సగానికి కాస్త పైన కాదంటే చాలు, తీర్మానం ఓడుతుంది. సగం మందే ఓటేస్తే? పోలైనవి నూటికి 75, అడ్డుకోవడానికి అందులో పావు వంతు, అంటే 18.75 కంటే ఎక్కువ కావాలి. అంటే ఓటేసిన బయటివాళ్లలో ముప్పావు వంతు పైగా కాదనాలి. ఇంట్లో కూర్చున్న ప్రతి ఓటూ ప్రమోటర్ పని తేలిక చేస్తుంది.

ఓటు వేయడం కష్టమేమీ కాదు. డీమ్యాట్ షేర్లను భద్రపరిచే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ సైట్‌లో కనీసం మూడు రోజులు ఈ-ఓటింగ్ తెరిచి ఉంటుంది, సమావేశం ముందురోజు సాయంత్రం 5 గంటలకు మూసేస్తారు. కటాఫ్ తేదీ నాటికి డీమ్యాట్‌లో షేర్లు ఉండాలి. ఒకసారి వేసిన ఓటు మార్చలేం. చాలామందికి నోటీసు మెయిల్ స్పామ్‌లోనే ఆగిపోతుంది.

డైరెక్టర్‌ను దించడం వేరే సంగతి. 10 శాతం వాటా ఉంటే ఈజీఎం (వాటాదారుల ప్రత్యేక సమావేశం) కోరవచ్చు. బోర్డు 21 రోజుల్లో పిలిచి, కోరిన 45 రోజుల్లోగా జరపాలి. జరపకపోతే కోరినవాళ్లే జరుపుకోవచ్చు. చట్టం పుస్తకంలో ఇంతే. టీవీ ఛానెళ్ల కంపెనీ జీలో విదేశీ మదుపు సంస్థ ఇన్వెస్కో, మరో ఫండ్ కలిసి 17.88 శాతం వాటాతో 2021 సెప్టెంబరులో ఎండీ, సీఈఓ పునీత్ గోయెంకాను తొలగించాలని ఈజీఎం కోరాయి. బోర్డు నిరాకరించింది. అక్టోబరులో బాంబే హైకోర్టు స్టే ఇచ్చింది. అదే కోర్టు డివిజన్ బెంచ్ దాన్ని కొట్టేసేసరికి 2022 మార్చి వచ్చింది. సోనీతో విలీనం ముందుకొచ్చిందంటూ ఇన్వెస్కో రెండు రోజులకే కోరిక వెనక్కి తీసుకుంది.

2024 నవంబరు 28 నాటి జీ ఏజీఎం (వార్షిక సమావేశం)లో, డైరెక్టర్లు వంతులవారీగా దిగి మళ్లీ ఎన్నికయ్యే మామూలు పద్ధతిలో వచ్చిన గోయెంకా పునర్నియామక తీర్మానమే ఓడిపోయింది. డైరెక్టర్ పదవి పోయింది. సీఈఓగా మాత్రం ఆయన కొనసాగారు.