సారా ఉద్యమం పోస్టుకు సవరణ

"1992లో దూబగుంట ఆడవాళ్లు మద్యనిషేధం తెచ్చారు, ఇప్పుడు మళ్లీ బారే ఊరి రచ్చబండ అయింది" అని మొన్నటి పోస్టులో ఉంది. రెండు ముక్కల్నీ సరిచేసి చదువుకోండి.

1992లో నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో మొదలైంది సారా మీద పోరు. సారా నిషేధం ఆ జిల్లాలో 1993 ఏప్రిల్‌లో, రాష్ట్రమంతా అదే ఏడాది అక్టోబరు 1న వచ్చింది. బ్రాందీ, విస్కీలతో సహా సంపూర్ణ నిషేధం 1995 జనవరిది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఇక బారు. లైసెన్సు బార్లు ఎక్కువగా టౌన్లలోనే. మన పల్లెల్లో ఉండేది దొంగచాటు బెల్టు షాపు: పైకి చిల్లర అంగడి, లోపల ఫ్రిజ్, సీసా మీద రేటుకి ఇంకో పదో ఇరవయ్యో ఎక్కువ. పొద్దుగూకితే రొయ్యల కౌంటు రేటు, వడ్ల పుట్టి ధర, రేపు కూలికి ఎవరొస్తారు, అన్నీ అక్కడే తేలుతున్నాయన్న మాట నిజమే, దాన్ని తీసెయ్యట్లేదు. కానీ ఊరందరి రచ్చబండ ఎలా అవుతుంది? ఆడవాళ్లు ఆ గడప తొక్కరు. (అక్కడి అప్పు తీరేది మాత్రం చాలాసార్లు వాళ్ల కూలి డబ్బులతోనే.) సారా పోరు రోజుల్లో ఆడవాళ్లు కూడింది రాత్రి బడుల్లో. అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం తరగతుల్లో, ఊరి ఆడవాళ్లు కలిసి సారా అంగడి మూయించిన సీతమ్మ కథ చదివి, చర్చించుకుని, సారా అంగళ్ల మీదికి కదిలారు. ఈ సంగతి పోస్టులో అసలు లేదు, ఇప్పుడు చేర్చాం.