అత్తా కోడలూ, నడుమ ఓ కంచె

(మేకల దొడ్డి. మూల రాట జాలీ వైపు ఒరిగి ఉంది. కోడలి చేతిలో టేపు, కొలతల కాగితం. అత్త చేతిలో గడ్డపార. చెట్టుకి కట్టేసిన కొమ్ముల మేక ఇద్దర్నీ గమనిస్తోంది.)

అత్త: పొద్దున్నించీ కొలుస్తూనే ఉన్నావు. రాట ఏమన్నా ఎదుగుతుందా?

కోడలు: ఎంత ఒరిగిందో చూస్తున్నా అత్తయ్యా. పైన 7 అంగుళాలు. దీన్ని పాతిందెవరు?

అత్త: నీ మొగుడు.

కోడలు: మీ కొడుకు.

(కాసేపు ఇద్దరూ రాటనే చూస్తారు.)

అత్త: సర్లే, లోతు చూడు. అడుగున్నర! 4 అడుగుల కంచెకి మధ్య రాటలు 2 అడుగులు దిగితే చాలు. మూల రాట 3 అడుగులు దిగాలి.

కోడలు: అదేం? అన్నీ రాటలే కదా.

అత్త: మధ్య రాటని జాలీ రెండు పక్కలా సమానంగా లాగుతుంది, అది నిలబడితే చాలు. మూల రాటని లోపలికే లాగుతుంది. రాత్రీ పగలూ వదలదు.

కోడలు: అయితే సిమెంటు పోసేద్దాం.

అత్త: ఇనప రాటకి పోసుకో. కర్ర రాట చుట్టూ పోశావంటే గిన్నెలో నీళ్లు పట్టి దాని కాళ్లు నానబెట్టినట్టే. కర్ర ముందు ఎక్కడ పుచ్చుతుందో చెప్పు?

కోడలు: అడుగున.

అత్త: తప్పు. నేల మట్టం దగ్గర. అక్కడ తడీ ఉంటుంది, గాలీ ఉంటుంది. గోటితో గీకి చూడు.

(కోడలు గీకుతుంది. చెక్క నానిన అట్టలా పొరలు పొరలుగా ఊడొస్తుంది. వేలు ఒక కణుపు లోపలికి దిగుతుంది. రాట పీకి చూస్తే అడుగు మాత్రం గట్టిగానే ఉంది.)

కోడలు: (వేలు తుడుచుకుంటూ) మరెలా పాతాలి?

అత్త: గోతిలో 4 అంగుళాలు కంకర వెయ్యి, నీరు ఇంకాలి. దాని మీద రాట. మట్టి ఒక్కసారే పూడ్చకు. అరడుగు పొయ్యి, దిమ్మిస కొట్టు, మళ్లీ అరడుగు. పైన రాట చుట్టూ ఎత్తుగా పోస్తే వాన నీరు పక్కకి జారిపోతుంది.

కోడలు: సరే. ఇప్పుడు రెండో రాట. మూల నుంచి 8 అడుగుల దూరంలో పాతి, రెంటి మధ్యా పైన అడ్డకర్ర పెడదాం. తర్వాత ఐమూలగా తీగ.

అత్త: అది నాకు తెలుసు. మూల రాట తల నుంచి రెండో దాని మొదలుకి.

కోడలు: తిరగేశారు! రెండో రాట తల నుంచి మూల రాట మొదలుకి.

అత్త: ఎవరు చెప్పారే నీకు?

కోడలు: ఇలా రండి. మీరు మూల రాట, నేను రెండో రాట. ఈ కర్ర మీ భుజానికీ నా భుజానికీ నడుమ. జాలీ మిమ్మల్ని నా మీదికి లాగుతోంది. మీరు కర్రతో నన్ను తోస్తున్నారు. నేను వెనక్కి పడకుండా ఏం చెయ్యాలి?

అత్త: ఏం చెయ్యాలి?

కోడలు: నా భుజానికి తాడు కట్టి, రెండో కొస మీ కాళ్లకి కట్టాలి. మీరు తోసేకొద్దీ అది బిగుస్తుంది.

అత్త: అంటే నువ్వు నిలబడాలంటే నా కాళ్లు పట్టుకోవాలి.

కోడలు: లెక్క ప్రకారం అంతే.

అత్త: ఈ లెక్కేదో బాగానే ఉంది. కట్టు.

(తీగ రెండు వరసలుగా చుట్టి, నడుమ కర్ర దూర్చి మెలితిప్పుతారు. వేలితో మీటితే మోగేదాకా బిగించి, కర్రని అడ్డకర్రకి కట్టేస్తారు.)

అత్త: ఇక పాత జాలీనే మళ్లీ కొట్టేద్దాం.

కోడలు: దాని గళ్లు 6 అంగుళాలు. కొమ్ములు వెనక్కి వంగి ఉంటాయి కనక తల లోపలికి సాఫీగా పోతుంది. వెనక్కి లాగితే కొమ్ములు తీగకి తగులుకుంటాయి. అలా ఇరుక్కున్న మేక కుక్క వస్తే పారిపోలేదు. ఎండలో ఇరుక్కుంటే ప్రాణమే పోవచ్చు. అందుకే 4 అంగుళాల గళ్లది తెప్పించా.

అత్త: మంచిదే. ఎటు పక్క కొడుతున్నావు?

కోడలు: బయట పక్క. చూడ్డానికి బాగుంటుంది.

అత్త: ఎవరొస్తున్నారే చూడ్డానికి? మేక లోపలి నుంచి ఒళ్లు రుద్దుతుంది, ముందుకాళ్లు ఎత్తి జాలీ మీద నిలబడుతుంది. బయట కొడితే దాని బరువంతా మేకుల మీదే పడి ఒక్కోటీ ఊడొస్తుంది. లోపలి పక్క కొడితే బరువు రాట మోస్తుంది. పద లోపలికి.

(సామానుతో లోపలికి వెళతారు. కాగితం ఎగిరిపోకుండా కోడలు బయట స్టూలు మీద రాయి కింద పెడుతుంది. పక్కనే ఫోను.)

అత్త: యు ఆకారం మేకుని మరీ లోపలికి దిగ్గొట్టకు! తీగ నలిగి పైపూత పోతే అక్కడే తుప్పు మొదలు. తీగ కాస్త జరిగేంత సందు ఉంచు. కొంచెం వంకరగా కొట్టు. నిలువుగా కొడితే రెండు కాళ్లూ ఒకే పోగులో దిగి కర్ర చీలుతుంది.

కోడలు: మరి పాకకి నాలుగు వైపులా తడికలు అడ్డం కట్టించారేం? గాలాడద్దా?

అత్త: చలి గాలి తగలదూ?

కోడలు: ఒంటికి తగలకుండా కింద కట్టండి, చూరు కింద జానెడు సందు వదలండి. వెళ్లి మేక మూతి ఎత్తుకి వంగి ఒకసారి గాలి పీల్చండి.

(అత్త పాకలోకి వెళ్లి వంగుతుంది. కళ్లు తుడుచుకుంటూ వస్తుంది.)

అత్త: కళ్లు మండాయి. నిలబడితే తెలియలేదే!

కోడలు: మూత్రం ఘాటు. మీకు తెలియదు, పడుకునే దానికి తెలుస్తుంది. దగ్గులు అక్కణ్ణించే.

అత్త: పై తడిక తీసేద్దాంలే. ఇక కోళ్ల గూట్లో, రాత్రి అవి ఎక్కి పడుకునే దండెం 2 అడుగుల ఎత్తులో పెట్టు.

కోడలు: 3 అడుగులు. గుడ్లు పెట్టే పెట్టెలు అడుగున్నర ఎత్తున ఉన్నాయి. దండెం వాటికంటే బాగా పైన లేకపోతే కోళ్లు పెట్టెల్లోనే పడుకుని రెట్ట వేస్తాయి.

అత్త: 2 అడుగులైనా అడుగున్నర కంటే పైనేగా? బరువు కోళ్లు పొద్దున్నే 3 అడుగుల నుంచి దూకితే అరికాళ్లు వాస్తాయి.

కోడలు: 3 అడుగులే. కాగితం మీద రాసేశా.

అత్త: రాస్తే అయిపోయిందా? గూటికి కోళ్ల జాలీ కొట్టావు, అది కోళ్లని ఆపుతుంది కానీ కుక్కని ఆపదు. పళ్లతో చింపేస్తుంది.

కోడలు: అరంగుళం గళ్ల వెల్డింగ్ జాలీ కూడా తెచ్చా. అడుగున బయటికి మడిచి 2 అడుగుల మేర నేల మీద పరిచి మేకులు దిగ్గొడతా. తవ్వే జంతువు గోడ మొదట్లోనే తవ్వుతుంది, గోళ్లకి జాలీ తగులుతుంది. 2 అడుగులు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు.

అత్త: నీకు తోచిందిగా, చాలు. ఆఖరి మేకు కొట్టు.

(ఠక్. బయట చెట్టు కింద తాడు ఉంది. మేక లేదు. తాడు కొస తడిగా, నమిలినట్టుంది.)

కోడలు: అయ్యో, మేక! పదండి!

(గేటు వైపు పరిగెడతారు. గేటు మూసి ఉంది.)

కోడలు: గేటు మూసిందెవరు?

అత్త: దానంతటదే మూసుకుంది. పై బందు అరంగుళం గడియ వైపుకి జరిపి పెట్టానుగా.

కోడలు: గడియ?

అత్త: అదీ దానంతటదే పడుతుంది.

కోడలు: ఎటు పక్క ఉంది?

అత్త: బయట. లోపల ఉంటే మేక పెదాలతో ఎత్తేస్తుందని నువ్వేగా అన్నావు?

(కోడలు జాలీ గళ్లోంచి చెయ్యి దూరుస్తుంది. మోచెయ్యి దాకా పోయి ఆగుతుంది.)

కోడలు: వేళ్లకి ఏదో రేకు తగులుతోంది.

అత్త: మూతి అందకుండా నేనే కొట్టించా. నాలుగు స్క్రూలతో.

కోడలు: ఎక్కి దూకుతా.

అత్త: కాలు తియ్! కొత్త జాలీ. మేకని ఎక్కనివ్వం కానీ నిన్ను ఎక్కనిస్తానా? సాగిపోతుంది.

కోడలు: పోనీ, మీ అబ్బాయికి ఫోన్ చేద్దాం.

అత్త: చెయ్యి.

కోడలు: ఫోను స్టూలు మీద ఉంది.

(ఇద్దరూ అటు చూస్తారు. రాయి నేల మీద పడి ఉంది. మేక స్టూలు పక్కన నిలబడి నెమ్మదిగా దవడలు ఆడిస్తోంది. మూతి నుంచి తెల్లగా ఏదో వేలాడుతోంది.)

కోడలు: అత్తయ్యా, అది నా కొలతల కాగితం!

అత్త: తిననీ. ఇక దండెం 2 అడుగులే.