రిజిస్టర్‌లో ఒక మతం, ఆదివారం ఇంకొకటి

చిన్న క్లాసుల నుంచే బడిలో మతబోధ పీరియడ్ పెట్టాలనే మాట ఈ మధ్య తరచూ వింటున్నాను. దాని గురించి చెప్పే ముందు ఒక అడ్మిషన్ సంగతి. సర్కారు బళ్లలో పిల్లల్ని చేర్పించే బడిబాట నడుస్తున్న రోజుల్లో నల్లగొండ జిల్లా దేవరకొండ వైపు ఒక ప్రాథమిక పాఠశాలలో ఓ పూట కూర్చున్నాను. ఒకామె కొడుకును ఒకటో తరగతిలో వేయడానికి వచ్చింది. హెచ్‌ఎం సార్ అడ్మిషన్ రిజిస్టర్ తీసి పేరు, పుట్టిన తేదీ, ఆధార్ నంబరు రాసుకున్నారు. మతం గడి దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగింది. ఆమె కవర్లోంచి కుల సర్టిఫికెట్ తీసి బల్ల మీద పెట్టి, "అండ్ల ఎట్లుంటే అట్లనే రాయుండ్రి సారూ" అంది. సార్ హిందూ అని రాశారు. బయట వేపచెట్టు కింద పిల్లాడితో మాట కలిపితే, వీబీఎస్‌లో వాక్యం అప్పజెప్పినందుకు తనకు కంపాస్ బాక్స్ ఇచ్చారని గొప్పగా చెప్పాడు. వీబీఎస్ అంటే ఎండాకాలం సెలవుల్లో చర్చివాళ్లు పిల్లలకు పెట్టే బైబిల్ క్లాసులు.

సార్ సర్టిఫికెట్‌లో ఉన్నదే రాశారు. ఆమె కూడా అన్నీ తెలిసే ఆ మాట అంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవం తీసుకున్న దళిత కుటుంబం ఎస్సీ కాదు, మన తెలంగాణలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు కింద లెక్క. అక్కడ రిజర్వేషన్ 1 శాతం. నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తిలలో మిషన్ వాళ్లు నూరేళ్ల కిందటే వచ్చి స్థిరపడ్డారు. కాగితం మీద ఒకటి, ఆదివారం ఇంకొకటిగా రెండు మూడు తరాల నుంచి బతుకుతున్న ఇళ్లు ఈ పక్క చాలా ఊళ్లలో ఉన్నాయి. ఊరందరికీ తెలుసు, ఎవరూ ఎత్తరు. అలా ఎత్తకపోవడం కూడా ఒక మర్యాదే.

మతబోధ పీరియడ్ పెట్టాలని ఎవరన్నా నాకు ఆ గడే గుర్తొస్తుంది. గంట కొడితే ఈ పిల్లాడు ఎక్కడ కూర్చోవాలి? రిజిస్టర్ ప్రకారమా, ఆదివారం ప్రకారమా? ఊరు ఇన్నేళ్లూ అడగకుండా దాటేసిన ప్రశ్నకు ఆరేళ్ల పిల్లాడు క్లాసు మధ్యలో నిలబడి జవాబు చెప్పాల్సి వస్తుంది.

ఇలా వేరు చేసి కూర్చోబెట్టడం మనకు కొత్త కాదు. మా తాత నిజాం కాలంలో ఉర్దూ మీడియం చదివిన మనిషి. దీనియాత్ అనే ఇస్లాం మతపాఠం పీరియడ్ వస్తే ముస్లిం పిల్లలు ఒక గదిలోకి, మిగతావాళ్లు అఖ్లాఖియాత్ అనే నీతి పాఠానికి ఇంకో గదిలోకి పోయేవాళ్లట. ఆ నీతి పాఠంలో ఏం చెప్పారని అడిగితే ఆయనకు ఒక్క ముక్క గుర్తులేదు. ఎవరెవరు ఏ గదిలోకి పోయేవాళ్లో మాత్రం చివరిదాకా పేరుపేరునా చెప్పేవాడు.

మతబోధ కావాలనేవాళ్ల బాధను నేను తీసిపారేయడం లేదు. పిల్లలు ఫోన్ వదలరు, పెద్దలంటే లెక్కలేదు, నాలుగు శ్లోకాలు వస్తేనన్నా బుద్ధిగా ఉంటారని మిర్యాలగూడలో ఉండే మా బంధువు ఒకాయన ప్రతి పెళ్లిలోనూ అంటాడు. పొద్దున్నే పిల్లాడిని ఖురాన్ చదువు చెప్పే మక్తబ్‌కు పంపే తండ్రి టెన్షన్ కూడా ఇదే. అయితే బుద్ధి చెప్పడానికి దేవుడు తప్ప ఇంకో దారి లేదన్నట్టు మాట్లాడటమే నాకు మింగుడుపడదు. రోజూ పొద్దున అసెంబ్లీలో పిల్లలు చెప్పే ప్రతిజ్ఞ రాసిన పైడిమర్రి వెంకట సుబ్బారావు పుట్టింది మన నల్లగొండ పక్క అన్నెపర్తిలోనే. 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు రాశారు. అందులో దేశం ఉంది, తోటివాళ్లు ఉన్నారు, తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పెద్దలు ఉన్నారు. దేవుడి ఊసు లేదు. అయినా ఆ ప్రతిజ్ఞలో నీతి తక్కువైందని ఎవరూ అనగా నేను వినలేదు.

చట్టం సంగతి సూటిగానే ఉంది. పూర్తిగా ప్రభుత్వ డబ్బుతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం మొదటి క్లాజు చెబుతుంది. 1948 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో దీని మీద చర్చ జరిగినప్పుడు, అందరూ కట్టే పన్నుల సొమ్ము ఒక మతం వాళ్ల కోసం వాడకూడదన్నది అంబేడ్కర్ చెప్పిన కారణాల్లో ఒకటి. మరి మన సర్కారు బళ్లలో సరస్వతి ఫొటో, శుక్రవారం కొబ్బరికాయ ఎక్కణ్నుంచి వచ్చాయంటారా? సార్ల అలవాటు. ఫొటో ఉన్నంత మాత్రాన దాన్ని పెద్ద నేరం చేయాలని నేను అనను. దండం పెట్టని పిల్లాడిని లేపి నిలబెడితే మాత్రం అది తప్పే.

అసలు కథ ప్రైవేటు బళ్లలో ఉంది. గుర్తింపు పొందిన బడిలో గానీ, ఎయిడెడ్ బడిలో గానీ పిల్లల్ని మతబోధకో ప్రార్థనకో కూర్చోబెట్టాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలన్నది అదే అధికరణం మూడో క్లాజు. మా అమ్మాయిని యూకేజీలో వేసినప్పుడు ఇచ్చిన ఫారం నాలుగు పేజీలు. బ్లడ్ గ్రూపు అడిగారు, బస్సు ఎక్కే స్టేజీ అడిగారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారో అడిగారు. ప్రార్థన సంగతి ఒక్క లైను లేదు. రెండు నెలలకు పాప అన్నం ముందు కళ్లు మూసుకుని ఇంగ్లిష్ ప్రార్థన మొదలుపెట్టింది. మా అమ్మ కంగారుపడింది, నేను పడలేదు. ఆ ప్రార్థనలో చెడు ఏమీ లేదు. కానీ అడగాల్సింది కదా! అవతల ఇంకో బడిలో ముస్లిం పిల్లలు పొద్దున్నే శ్లోకాలు చెబుతారు, వాళ్ల నాన్నల్నీ ఎవరూ అడగలేదు. ఫీజు బాకీ ఉన్న తండ్రి వెళ్లి ఇదేంటని అడగగలడా? మైనారిటీ విద్యాసంస్థకు 30వ అధికరణం ఇచ్చిన హక్కు ఉంది, నిజమే. ఆ హక్కు ఈ సమ్మతిని రద్దు చేయదు.

సరే, పీరియడ్ పెట్టారే అనుకుందాం. హిందూ మతం పేరుతో ఏం చెబుతారు? పాలమూరు వైపు కురుమూర్తి స్వామికి ఉద్దాలు, అంటే పాదుకలు, వడ్డేమాన్‌లో చర్మకారుల చేతుల్లో తయారై ఊరేగింపుగా వస్తాయి. ఆ ఉద్దాలకు జనం మొక్కుతారు. సూర్యాపేట దగ్గర పెద్దగట్టులో లింగమంతుల స్వామికి శాకాహారం, పక్కనే చౌడమ్మకు యాటలు, అంటే మేకలు, గొర్రెలు. ఈ పిల్లలు పుట్టినప్పటి నుంచీ చూస్తున్న దేవుళ్లు వీళ్లు. పుస్తకం రాసే కమిటీకి యాట కోయడం కనబడుతుందా? నాకు నమ్మకం లేదు. నాలుగు శ్లోకాలు, రెండు పురాణ కథలు పెట్టి, ఇదే మీ మతం అంటారు. గొల్లోళ్ల పిల్ల తన ఇంట్లో జరిగేది మతం కాదేమో అనుకుంటూ ఇంటికి పోతుంది.

మతాన్ని బోధించడం వేరు, మతాల గురించి చెప్పడం వేరు అని చదువుల మీద వేసిన 1964-66 నాటి కొఠారి కమిషన్ అంది. రెండోదానికి 28వ అధికరణం అడ్డు కాదని 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. హైస్కూల్లో అయితే నేను ఒప్పుకుంటాను, పద్నాలుగేళ్ల పిల్లలు ఎదురు ప్రశ్న వేయగలరు. ఎనిమిదేళ్ల పిల్లకు సార్ చెప్పిందే వేదం. ప్రైమరీలో దీనికి పుస్తకం వద్దు, పరీక్ష అసలే వద్దు. పరిసరాల విజ్ఞానంలో పండుగల పాఠం ఎటూ ఉంది. దాన్ని పిల్లల నోటితో నడిపించగలిగితే చాలు. అదీ తేలికేం కాదు, ఇద్దరు టీచర్లు ఐదు తరగతులు చూసే చోట ఆ పాఠం చదివించి వదిలేయడమే ఎక్కువ.

ఆ రోజు అదే బడిలో నాలుగో తరగతిలో కూడా కాసేపు కూర్చున్నాను. మొహర్రం పీర్లను కూర్చోబెట్టడానికి వారం ఉంది. పీర్ల పండుగ ఎవరిది అని సార్ అడిగారు. "మాది సార్, మా నాయనే పీరు ఎత్తుతడు" అన్నాడు ఒక యాదవుల పిల్లాడు. మూడో వరసలో ఇంకో అబ్బాయి లేచి, "మా ఇంట్ల పీర్ల కాడికి పోవద్దంటరు సార్" అన్నాడు. ఆ క్లాసులో ముస్లిం పిల్లాడు అతనొక్కడే. క్లాసంతా అతని వైపు తిరిగింది, ఎవరిది కరెక్టో సార్ చెబుతారని చూసింది. సార్ చెప్పలేదు. పీర్ల దగ్గర పంచే మలీద తిన్నవాళ్లు చేతులెత్తండి అన్నారు. దాదాపు అందరూ ఎత్తారు, పోవద్దంటారన్న అబ్బాయి కూడా. బెల్లం ఎంత వేస్తారో, రొట్టె ఎట్లా నలుపుతారో ఇంట్లో అడిగి రాసుకు రమ్మని చెప్పి, సార్ బోర్డు తుడిచి లెక్కలు మొదలుపెట్టారు.