ఇంటి పూలు బొకేకి పనికిరావనే మెసేజ్‌కి నా జవాబు

కొన్నాళ్ళుగా మిద్దెతోట వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది, మీకూ వచ్చే ఉంటుంది. అందులో ఉన్నది ఇదీ: మన ఎండల్లో బొకే పూలు పెరగవు, అవి బెంగళూరు, ఊటీ చలికే, ఇంట్లో కోసిన పువ్వు ఒక్కరోజులో వాలిపోతుంది, షాపులోది వారం ఉంటుంది, పూలు కాడతో కోసేస్తే మొక్క నీరసపడి మళ్ళీ పూయదు, వాజ్‌లో పెట్టాలంటే నీళ్ళలో పంచదార, రూపాయి బిళ్ళ, ఆస్పిరిన్ వెయ్యాలి, కాడ చివర సుత్తితో చితక్కొట్టాలి, రాత్రికి ఫ్రిజ్‌లో పెట్టాలి, బంతీ చామంతీ అయితే దండలకే, బొకేకి కాదు, ఇంత చేసినా చాలా స్థలం కావాలి కాబట్టి కొనుక్కోవడమే మేలు. ఇది చదివి తెచ్చుకున్న విత్తనాలు పక్కన పడేసినవాళ్ళు మా గ్రూపులోనే ఉన్నారు, నాకు నిజంగా బాధేసింది, అందుకే ఒక్కొక్కటీ తీసి జవాబు రాస్తున్నా.

ముందు ఎండ సంగతి. ఇందులో కొంత నిజం ఉంది, లేదనను. కార్నేషన్, లిలియం లాంటివి మన దగ్గర ఆరుబయట కుదరవు, ట్యూలిప్ దుంపకైతే వారాల తరబడి చలి తగలందే పువ్వే రాదు. కానీ బొకే అంటే ఆ మూడేనా? జిన్నియా, బంతి, కాస్మోస్, మన లిల్లీ పూలు (దండల్లో గుచ్చే తెల్ల ట్యూబ్‌రోజ్, లిలియం కాదు), ఈ నాలుగూ మెక్సికో వైపు నుంచి వచ్చినవి, ఎండంటే వాటికి ఇష్టం, రోజుకి ఆరు గంటల ఎండ తగలకపోతేనే సరిగ్గా పూయవు. సీతమ్మజడ పూలు, అవే కోడిజుట్టు పూలు, బొగడబంతి, ఈ రెండూ నీళ్ళు పోస్తూ ఉంటే ఏప్రిల్ మే నెలల్లో కూడా నిలబడతాయి. చలి కావాల్సినవి ఆస్టర్, చామంతి, గ్లాడియోలస్, వాటికి మన చలికాలం చాలు, సెప్టెంబర్ అక్టోబర్‌లో గ్లాడియోలస్ దుంప పాతితే రకాన్ని బట్టి రెండున్నర నుంచి మూడు నెలల్లో పూల కాడ వస్తుంది, చామంతి పిలకలు వానాకాలంలో పెడితే నవంబర్ నుంచి జనవరి దాకా పూస్తాయి.

చామంతి గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే "మా ఇంట్లో చామంతి ఏపుగా పెరుగుతుంది గానీ పూయదు" అని చాలామంది ఎండ మీదా మట్టి మీదా తోసేస్తారు. చామంతి రాత్రి పొడవుని బట్టి మొగ్గ వేసే మొక్క, చలికాలంలో రాత్రులు పెరిగాకే దానికి మొగ్గ వెయ్యాలని తెలుస్తుంది, అలాంటి మొక్కని వీధిలైటు పడే గోడ మీదో బాల్కనీ బల్బు కిందో పెడితే దానికి ఎప్పటికీ రాత్రి అవదు, ఆకులు వేస్తూనే ఉంటుంది. కుండీని పగలు ఎండ తగిలి, రాత్రిపూట ఏ లైటూ పడని చోటికి మార్చండి, సీజన్‌లో ఉంటే మొగ్గలు వాటంతటవే కనిపిస్తాయి.

ఇక ఒక్కరోజులో వాలిపోతుంది అన్నది. అసలు గొడవంతా ఇక్కడే ఉంది. మందారం అయితే ఒక్కరోజే, మల్లెలూ అంతే, వాటి ఆయుష్షే అంత, వాజ్‌లో పెట్టినా గిన్నెలో పెట్టినా తేడా ఉండదు. ఆ రెండిటినీ చూసి ఇంటి పూలన్నీ ఇంతే అనడం న్యాయం కాదు. జిన్నియా సరిగ్గా కోస్తే అయిదు నుంచి ఏడు రోజులు ఉంటుంది, చామంతి పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, సీతమ్మజడ కూడా అంతే. మన వేసవి గదిలో ఇందులో ఒకటి రెండు రోజులు తగ్గుతాయి, వేడికి పువ్వు శ్వాస ఎక్కువై తనలో దాచుకున్న తిండి తొందరగా అయిపోతుంది కాబట్టి. ఇంకో సంగతి, షాపులో డచ్ రోజ్ వారం ఉంటుంది అంటారే, అది హోసూరు, బెంగళూరు వైపు ప్లాస్టిక్ షీటు కప్పిన పాలీహౌస్‌లో మొగ్గ మీద ఉండగానే కోసి, వెంటనే నీళ్ళలో ముంచి, చల్లటి గదిలో పెట్టి, చల్లగానే బండెక్కించి పంపిన పువ్వు. దానికి చేసిన సేవలో నాలుగోవంతు ఇంటి పువ్వుకి చేస్తే చాలు. మనమేం చేస్తాం, మధ్యాహ్నం చుట్టాలు వస్తున్నారనగా పూర్తిగా విచ్చుకుని పుప్పొడి రాలుతున్న పువ్వుని రెండంగుళాల కాడతో గిల్లి, పోయిన పండక్కి వాడి కడగని వాజ్‌లో పెడతాం, సాయంత్రానికి వాలిపోతే ఇంటి పువ్వు కదా అంటాం.

ఏ పువ్వుని ఏ దశలో కొయ్యాలో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. లిల్లీ కాడకి కింది పూలు ఒకటో రెండో విచ్చుకోగానే కొయ్యాలి, పైవి వాజ్‌లో వరసగా విచ్చుకుంటూ పోతాయి. గ్లాడియోలస్ అయితే ఇంకా ముందు, కింది మొగ్గల్లో రంగు కనపడగానే. గులాబీ బయటి రేకు ఒకటి రెండు విడిపోతున్నప్పుడు, పొద్దుతిరుగుడు రేకులు మధ్య నుంచి పైకి లేస్తున్నప్పుడు. బంతి, చామంతి, జిన్నియా, డాలియా మాత్రం దీనికి పూర్తిగా రివర్స్, అవి మొగ్గలో కోస్తే ఇక విచ్చుకోవు, దాదాపు పూర్తిగా విచ్చుకున్నాకే కొయ్యాలి. జిన్నియాకి ఇంకో పరీక్ష ఉంది, పువ్వుకి ఒక జానెడు కింద కాడ పట్టుకుని మెల్లగా ఊపండి, కాడ బిర్రుగా ఉండి పువ్వుతో పాటు మొత్తం కదిలితే కోసేయొచ్చు, మెడ దగ్గర వేలాడిందంటే ఇంకా రెండు రోజులు ఆగాలి, తొందరపడి కోస్తే ఏ మందూ దాన్ని లేపలేదు.

కొయ్యడం తెల్లవారి, ఎండ ఎక్కకముందు. ఆ వేళకి రాత్రంతా తాగిన నీళ్ళతో కాడ నిండుగా ఉంటుంది. కుదరకపోతే పొద్దుగూకాక కొయ్యండి, మిట్టమధ్యాహ్నం మాత్రం వద్దు. చేతిలో నీళ్ళ బకెట్ పట్టుకునే మొక్క దగ్గరికి వెళ్ళండి, కోసిన కాడ కోసినట్టే నీళ్ళలోకి పోవాలి, ఎందుకంటే కాడలో నీరెక్కే సన్నటి గొట్టాల్లోకి గాలి బుడగ దూరిందంటే అక్కడితో నీళ్ళు ఆగిపోతాయి. ఆ బకెట్‌ని నీడలో రెండు మూడు గంటలు ఉంచి, ఆ తర్వాతే వాజ్‌లో సర్దండి. ఫ్యాన్ కింద పెట్టకండి, మన ఇళ్ళల్లో పూలు తొందరగా వాలడానికి ఎండ కంటే సీలింగ్ ఫ్యానే పెద్ద కారణం అని నా గట్టి నమ్మకం.

పూలు కోస్తే మొక్క నీరసపడుతుంది అన్నది మాత్రం పూర్తిగా తలకిందులు. బంతి, జిన్నియా, కాస్మోస్ లాంటివి ఒక్క సీజన్ మొక్కలు, వాటి ధ్యాసంతా విత్తనం మీదే, పువ్వు ఎండి విత్తనం కట్టిందంటే ఇక నా పని అయిపోయింది అనుకుని కొత్త మొగ్గలు తగ్గించేస్తాయి. మీరు పువ్వు కోసేస్తే విత్తనం కట్టలేదు కాబట్టి పక్క కొమ్మలు వేసి మళ్ళీ పూస్తాయి. అందుకే పువ్వు తల ఒక్కటే గిల్లకండి, కిందికి దిగి, ఆకుల జత ఉన్న కణుపుకి కాస్త పైన కొయ్యండి, ఆ కణుపు నుంచి రెండు కొమ్మలు వస్తాయి, రెండూ పొడుగు కాడలే ఇస్తాయి. మొక్క జానెడు దాటి మూడు నాలుగు జతల ఆకులు వేసినప్పుడు కొన తుంచేస్తే ఇంకా గుబురుగా వస్తుంది. ఆ మొదటి మొగ్గ తుంచడానికి చాలామందికి చెయ్యి రాదు, ధైర్యం చేసి తుంచండి. దుంప మొక్కల విషయం మాత్రం వేరు: గ్లాడియోలస్ కాడతో పాటు ఆకులన్నీ కోసేస్తే వచ్చే ఏడాదికి దుంప ఊరదు, కనీసం నాలుగు ఆకులు మొక్కకి వదిలెయ్యాలి. పొద్దుతిరుగుడులో ఒంటికాడ రకాలు ఒక్క పువ్వే ఇస్తాయి, కొమ్మలు వేసే రకం విత్తనం అడిగి తీసుకోండి.

ఇప్పుడు నీళ్ళలో వేసే వస్తువుల సంగతి. పువ్వు వాలడానికి పెద్ద కారణం నీళ్ళలో పెరిగే బ్యాక్టీరియా, అది కాడ చివర జిగురులా పట్టేసి గొట్టాలు మూసేస్తుంది. ఇది అర్థమైతే మెసేజ్‌లో చెప్పినవి ఎందుకు పని చెయ్యవో మీకే తెలిసిపోతుంది. ఉత్త పంచదార వేశారంటే బ్యాక్టీరియాకి భోజనం పెట్టినట్టే, రెండో రోజుకే నీళ్ళు మబ్బుగా అవుతాయి. రూపాయి బిళ్ళ వెయ్యమనేది రాగి సూక్ష్మజీవుల్ని చంపుతుందని, కానీ ఇప్పుడు మన చేతిలో ఉండే రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలు, అందులో రాగి ఎక్కడుంది, నిజం రాగి ముక్క వేసినా నీళ్ళలో కరిగేది చాలా తక్కువ. ఆస్పిరిన్ నీళ్ళని కాస్త పులుపు చేస్తుంది, ఆ పని నిమ్మరసం చేస్తుంది, మాత్ర దండగ. ఇక సుత్తితో చితక్కొట్టడం, అది గులాబీ లాంటి గట్టి కాడలకి మంచిదని పాత నమ్మకం, కానీ చితికిన చోట గొట్టాలు నలిగిపోతాయి, ఆ పిప్పిలో బ్యాక్టీరియా ఇంకా బాగా పెరుగుతుంది. పదునైన కత్తెరతో ఏటవాలుగా ఒక్క కోత చాలు.

పని చేసేది చెప్తాను. వాజ్‌ని సబ్బుతో అన్నం తినే గిన్నెలా కడగండి. నీళ్ళలో మునిగే ఆకులన్నీ తీసెయ్యండి, ఇది అన్నిటికంటే ముఖ్యం, ముఖ్యంగా బంతికి. రోజూ నీళ్ళు మార్చి కాడ చివర అరంగుళం కోసెయ్యండి. ఇంతే చేసినా జిన్నియా, బంతి, చామంతి హాయిగా ఉంటాయి. లిల్లీ, గ్లాడియోలస్ లాంటి వాటిలో పై మొగ్గలు విచ్చుకోవాలంటే మాత్రం పంచదార నిజంగానే పనికొస్తుంది, కానీ ఒంటరిగా కాదు: లీటరు నీళ్ళకి ఒక టేబుల్‌స్పూన్ పంచదార, రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం, బట్టలకి వాడే బ్లీచ్ అర టీస్పూన్‌కి మించకుండా. బ్లీచ్‌ని ముందు లీటరు నీళ్ళలో కలిపాకే మిగతావి వెయ్యండి, చిక్కటి బ్లీచ్‌నీ నిమ్మరసాన్నీ నేరుగా కలిపితే విషవాయువు వస్తుంది, పిల్లలతో ఈ పని చేయించకండి. గ్లాడియోలస్‌కి ఫ్లోరైడ్ పడదు, రేకుల అంచులు మాడతాయి, అందుకని నల్గొండ వైపు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్ళవాళ్ళు వాన నీళ్ళో ఆర్‌ఓ నీళ్ళో వాడుకోండి.

ఫ్రిజ్ వద్దు. ఫ్లోరిస్ట్ కోల్డ్ రూమ్ వేరు, మన ఫ్రిజ్ వేరు, మన దాంట్లో మామిడిపండ్లు, అరటిపండ్లు, టమాటాలు ఉంటాయి, పండే కాయలు ఇథిలీన్ అనే వాయువు వదులుతాయి, అది కాయని పండించినట్టే చాలా రకాల పువ్వుల్ని ముసలివి చేసేస్తుంది. అదే కారణంతో డైనింగ్ టేబుల్ మీద పండ్ల బుట్ట పక్కన వాజ్ పెట్టకండి. పైగా ఆంథూరియం, హెలికోనియా, ఆర్కిడ్ లాంటి వేడి ప్రాంతం పూలు ఆ చలికి నల్లబడతాయి. రాత్రిపూట ఇంట్లో చల్లగా ఉండే గచ్చు మీద పెడితే చాలు.

బంతీ చామంతీ దండలకే అన్న మాట నాకు అన్నిటికంటే కష్టంగా అనిపించింది. బతుకమ్మ పేర్చే ఊళ్ళల్లో పుట్టినవాళ్ళం, గునుగు, తంగేడు, బంతి, చామంతి పూలని రంగు పక్కన రంగు, వరస మీద వరస ఎలా పెట్టాలో అమ్మమ్మల దగ్గర నేర్చుకున్నవాళ్ళం, పూల అలంకరణ మనకి ఇంకొకరు నేర్పాలా? గునుగు కూడా సీతమ్మజడ జాతే, చేల గట్ల మీద ఊరికే మొలుస్తుంది, ఎండినా ఆకారం పోదు, తలకిందులుగా కట్టి నీడలో ఆరబెట్టుకుంటే నెలల తరబడి వాజ్‌లో ఉంచుకోవచ్చు, బొగడబంతి కూడా అంతే. పెద్ద బంతి పువ్వు ఒక అడుగు కాడతో కోసి, పక్కన నాలుగు లిల్లీ కాడలు, అక్కడక్కడా బొగడబంతి, ఆకుకి రుద్రజడ రెమ్మలో మరువమో పెట్టి చూడండి. బంతి వాసన ఇంట్లో ఎక్కువైందనేవాళ్ళు ఆకులు దాదాపు అన్నీ తీసెయ్యండి, ఆ ఘాటు ఎక్కువగా ఆకుదే. ఆకుపచ్చ ఫోమ్ ఇటుక కూడా అక్కర్లేదు, అది ప్లాస్టిక్కే, మట్టిలో కలవదు, వాజ్ మూతి మీద సన్నటి టేప్ అడ్డంగా నిలువుగా గళ్ళలా అంటించి ఆ గళ్ళల్లో కాడలు దించితే పూలు కదలవు. ఒకటే జాగ్రత్త, గన్నేరు మాత్రం బొకేలో పెట్టకండి, దాని ప్రతి భాగం విషమే, వాజ్ నీళ్ళు కూడా, ఇంట్లో చిన్నపిల్లలో కుక్కపిల్లో ఉంటే అసలు వద్దు.

స్థలం సంగతి చిన్నదే. పన్నెండు అంగుళాల కుండీలు ఒక ఆరు, వారానికో చిన్న వాజ్ నింపడానికి సీజన్‌లో సరిపోతాయి, కుండీకి రెండు జిన్నియాలు చాలు, ఇరికిస్తే గాలి ఆడక ఆకుల మీద బూడిద తెగులు పడుతుంది. విత్తనాలన్నీ ఒకేరోజు చల్లకండి, అప్పుడు అన్నీ ఒకేసారి పూసి ఒకేసారి అయిపోతాయి. జిన్నియా వారంలోపు మొలిచి రెండు నెలలకి పువ్వు మీదకొస్తుంది కాబట్టి మూడు వారాలకి ఒకసారి రెండేసి కుండీల్లో విత్తుకుంటూ పోతే, మొదటివి ముసలివయ్యేసరికి రెండోవి పూతకి వచ్చేస్తాయి. మరీ ఎడతెరిపి లేని వానల నెల ఒక్కటి వదిలేసి, వాన తెరిపిచ్చాక మళ్ళీ మొదలుపెట్టండి.