బిల్లు భయంతో ఫోన్ చేయకపోతే?
సరైన సామాను లేకుండా కొండెక్కి ఇరుక్కున్నవాళ్ల దగ్గర రెస్క్యూ ఖర్చు వసూలు చేయాలన్న మాట వినడానికి బాగానే ఉంది కానీ, బిల్లు పడుతుందన్న భయంతో చీకటి పడేదాకా ఫోన్ చేయకుండా కూర్చుంటే వెతికేవాళ్లకే ఇంకా ప్రమాదం, అందుకే చాలా రెస్క్యూ టీములే దీన్ని వద్దంటాయి. అమెరికాలో న్యూ హాంప్‌షైర్‌లో నిర్లక్ష్యమని తేలితే వసూలు చేసే చట్టం ఉంది, అయినా నిర్లక్ష్యంగా వెళ్లి ఇరుక్కునేవాళ్ల కాల్స్ అక్కడ ఏటా వస్తూనే ఉన్నాయి. నాకు ఒళ్లు మండేది వేరే దగ్గర. ఫోన్ లైటే టార్చి అనుకుని బయల్దేరతారు, దారి తప్పాక సాయం కోసం ఫోన్ చేద్దామంటే ఆ బ్యాటరీ కాస్తా అయిపోయి ఉంటుంది! కాలు బెణికిన ఒక్క మనిషిని స్ట్రెచర్ మీద దించాలంటే ఆరుగురు మోస్తుంటే, చేతులు మార్చుకోవడానికి ఇంకో ఆరుగురు వెంట నడవాలి. వాళ్లలో చాలామంది పైసా జీతం లేకుండా వచ్చినవాళ్లు, తెల్లారితే ఎవరి ఉద్యోగానికి వాళ్లు పరిగెత్తాల్సినవాళ్లు.